పాత అవుట్‌బోర్డ్ మోటారు సరిగ్గా లాగకపోతే ఏ వరసలో చూడాలి

చెన్నైలోని కాశిమేడు నుంచి, ఎన్నూరు నుంచి, పులికాట్ సరస్సు అవతల మన తడ, సూళ్లూరుపేట వైపు నుంచి కూడా పడవ వెనక తగిలించే ఈ మోటార్ల గురించి నన్ను అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, మోటారు స్టార్ట్ అవుతుంది, స్లోలో ఆడుతుంది, ఆక్సిలేటర్ ఇస్తే దగ్గి ఆగిపోతుంది. కార్బురేటర్ కడిగించాను, ప్లగ్గులు మార్చాను. ఇంకేం మార్చాలి?"

ఇంకేం మార్చొద్దు, ముందు చూడండి. పాత మోటార్ల మీద డబ్బు ఎక్కువగా పోయేది వరస తప్పి విప్పడం వల్లే. కంప్రెషన్ (సిలిండర్లో ఏర్పడే ఒత్తిడి) చూడకుండా కార్బురేటర్ కొంటారు, ట్యాంకు మూత చూడకుండా ఫ్యూయల్ పంపు మారుస్తారు. కింద చెప్పిన వరసలో వెళ్తే చాలా మోటార్ల జబ్బు సగం దారిలోనే దొరుకుతుంది.

ఇదంతా కార్బురేటర్ ఉన్న టూ స్ట్రోక్ మోటార్లకు, అంటే 8 హెచ్‌పీ నుంచి 40 హెచ్‌పీ దాకా మన ఫైబర్ బోట్ల వెనక కనిపించే పాత యమహా, సుజుకి, మెర్క్యురీ, జాన్సన్, ఎవిన్‌రూడ్ రకాలకు. ఫోర్ స్ట్రోక్, ఫ్యూయల్ ఇంజెక్షన్ మోటార్ల లెక్క వేరు.

దగ్గర ఉంచుకోవలసినవి

- ప్లగ్ స్పానర్, స్క్రూడ్రైవర్లు, చిన్న స్పానర్ల సెట్, ఫీలర్ గేజ్
- కంప్రెషన్ గేజ్ (ఎక్కువ మోటార్లకు 14 మి.మీ. మర సరిపోతుంది)
- గ్యాప్ మార్చుకునే వీలున్న స్పార్క్ టెస్టర్
- మీ మోటారుకు చెప్పిన నంబరు ప్లగ్గులు, కొత్తవి
- వేరే చిన్న ట్యాంకు ఒకటి, దానికి మంచి హోస్, చేత్తో నొక్కి పెట్రోల్ ఎక్కించే రబ్బరు బల్బు
- తాజా పెట్రోల్, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న 2టీ ఆయిల్
- 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, మోటారు తగిలించడానికి గట్టి చెక్క స్టాండు
- తెల్ల గాజు సీసా, కార్బురేటర్ క్లీనర్, ఒక నోటుపుస్తకం

గేజీలు, హోస్, క్లిప్పులు చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఆటో స్పేర్ల దుకాణాల్లో దొరుకుతాయి. హోస్ కొనేటప్పుడు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ను తట్టుకుంటుందా అని తప్పకుండా అడగండి. ప్లగ్గు మాత్రం "సైజు అదేగా" అని బండిది పెట్టకండి. మర సరిపోయినా వేడి రేటు (ప్లగ్గు వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందన్న లెక్క) సరిపోకపోవచ్చు. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లోనే ఆగిపోయింది. ఆ రకం ఉన్నవాళ్లు పాత గ్యాస్కెట్టును కూడా కొత్తది చేతికి వచ్చేదాకా పారేయొద్దు, కొలతకు పనికొస్తుంది.

ముందే జాగ్రత్తలు

పెట్రోల్ ఆవిరి ఉన్నచోట స్పార్క్ టెస్ట్ చేయకండి. ట్యాంకు దూరంగా పెట్టి, కారిన పెట్రోల్ తుడిచి, గాలి ఆడాక మొదలుపెట్టండి. మూసిన షెడ్డులో మోటారు నడపకండి, పొగ ప్రాణం తీస్తుంది. నీళ్లు లేకుండా "ఒక్క నిమిషమే కదా" అని కూడా స్టార్ట్ చేయొద్దు. లోపల నీళ్లు తోడే పంపులోని రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, ఆ కొద్దిసేపటికే కాలిపోగలదు. డ్రమ్ములో నడిపేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి. నీళ్లు లోపలికి తీసుకునే రంధ్రాలు పూర్తిగా మునగాలి.

1. ఎప్పుడు ఇబ్బంది పెడుతోందో రాసుకోండి

"సరిగ్గా నడవట్లేదు" అంటే ఏ మెకానిక్కుకూ ఏమీ తెలియదు. స్లోలో మిస్ కొడుతూ స్పీడు ఇస్తే సర్దుకుంటుందా? అయితే పైలట్ జెట్టు (కార్బురేటర్లో స్లోకు పెట్రోల్ అందించే సన్న రంధ్రం), గాలి లీకు, ఒక సిలిండరు సరిగ్గా పేలకపోవడం (అందులో పెట్రోల్ మండకపోవడం) వైపు చూడాలి. స్లోలో బాగుండి ఫుల్ ఇస్తే చచ్చిపోతుందా? పెట్రోల్ సరిపడా అందట్లేదు, లేదా మెయిన్ జెట్టు (స్పీడుకు పెట్రోల్ అందించే రంధ్రం) మూసుకుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఆగి, చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుందా? ప్లగ్గుకు కరెంటు తయారుచేసి పంపే కాయిల్, సీడీఐ యూనిట్, స్టేటర్ మీద అనుమానం పెట్టుకోండి. ఇంజిన్ చప్పుడు పెరుగుతుంది గానీ పడవ వేగం పెరగదా? ఇంజిన్ జోలికి పోకుండా నేరుగా 8వ మెట్టుకు వెళ్లండి.

2. వేరే ట్యాంకు, తాజా పెట్రోల్‌తో నడిపి చూడండి

ఇది అన్నిటికంటే చవకైన పరీక్ష. చాలామంది చేయనిదీ ఇదే. చిన్న ట్యాంకులో తాజాగా కలిపిన పెట్రోల్ పోసి, మీ హోస్ కాకుండా వేరే హోస్, వేరే బల్బుతో నడపండి. మోటారు బాగుపడితే జబ్బు ఇంజిన్లో లేదు. మీ ట్యాంకు, హోస్, బల్బు, కనెక్టర్లలో ఉంది.

ఆయిల్ కొలత మీ మోటారు మీదున్న స్టిక్కరులో గానీ పుస్తకంలో గానీ చూడండి. 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., పది లీటర్లకు 200 మి.లీ. 25:1 అని ఉంటే దానికి రెట్టింపు. "ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు మంచిది" అని కొందరు చేతికొద్దీ పోస్తారు. ప్లగ్గులు నల్లబడటమే కాదు, ఆయిల్ పెరిగిన మేరకు పెట్రోల్ తగ్గి మిశ్రమం పలచబడుతుంది. బైకుల 2టీ ఆయిల్ కూడా వద్దు. అది గాలితో చల్లబడే ఇంజిన్లకు చేసింది. నీటితో చల్లబడే ఈ మోటార్లకు బూడిద మిగల్చని టీసీ-డబ్ల్యూ3 కావాలి.

ఇప్పుడు మీ పాత ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోల్ గాజు సీసాలోకి తీసి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, ఓ హద్దు దాటాక నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. మీరు కలిపిన ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి లాగే మోటారు ఆయిల్ లేని ద్రవం తాగుతుందన్నమాట. అందుకే నీళ్లు చేరిన పెట్రోల్‌ను ఆగుతూ నడిచే సమస్యగా మాత్రమే చూడకండి, పిస్టన్ పట్టేసేదాకా పోవచ్చు. తీసేసిన పెట్రోల్‌ను నీళ్లలో పారబోయకండి.

3. ప్లగ్గులు తీసి చదవండి, కంప్రెషన్ కొలవండి

ప్లగ్గులు తీసి ఏది ఏ సిలిండరుదో తెలిసేలా వరసగా పెట్టండి. లేత గోధుమ రంగు మంచిది. నల్లగా తడిగా ఉంటే ఆ సిలిండరు పేలడం లేదు, లేదా పెట్రోల్ ఎక్కువవుతోంది. సున్నంలా తెల్లబారితే పెట్రోల్ తక్కువ, వేడి ఎక్కువ. తుప్పు చుక్కలు గానీ నీటి తడి గానీ ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించండి. మెరిసే బూడిద రంగు రవ్వలు అంటుకుని ఉంటే అది పిస్టన్ అల్యూమినియం. ఇక ఆ మోటారు స్టార్ట్ చేయకండి.

కంప్రెషన్ కొలిచేటప్పుడు ప్లగ్గులన్నీ తీసేసి ఉండాలి, ప్లగ్ వైర్లు ఇంజిన్ బాడీకి ఎర్త్ చేసి ఉండాలి, ఆక్సిలేటర్ పూర్తిగా తెరిచి ఉండాలి. ముల్లు పైకి లేవడం ఆగేదాకా తాడు గట్టిగా లాగండి. అన్ని సిలిండర్లకూ అన్నిసార్లే లాగండి. వీలైతే మోటారు కాస్త వేడిగా ఉన్నప్పుడు చేయండి.

చాలా పాత టూ స్ట్రోక్ మోటార్లు 100 పీఎస్ఐకి అటూ ఇటూ చూపిస్తాయి. గేజీ గేజీకి తేడా ఉంటుంది కాబట్టి అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లండి. ఒకటి 110, ఇంకొకటి 70 చూపిస్తే ఎన్ని కార్బురేటర్లు మార్చినా ఆ మోటారు సరిగ్గా నడవదు. తక్కువ ఉన్నదానిలో చెంచాడు 2టీ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. బాగా పెరిగితే రింగులు అరిగాయి. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, అది రింగులంత ఖర్చు కాదు.

ఇక్కడ గట్టిగా చెప్తున్నాను: ఈ అంకెలు చూడకుండా ఏ స్పేరూ కొనకండి. పాత మోటారు కొనబోతున్నవాళ్లు కూడా గేజీ వెంట తీసుకెళ్లండి. రంగు వేసి కొత్తదానిలా మెరిపించొచ్చు గానీ గేజీ ముల్లును మెరిపించలేరు.

4. ప్లగ్గుకు కరెంటు వస్తోందా

ప్లగ్గును బాడీకి ఆనించి నీలం నిప్పు చూసి "కరెంటు బాగుంది" అనేయడం మామూలు పొరపాటు. ప్లగ్ గ్యాప్ మహా అయితే మిల్లీమీటరు, పైగా బయట గాలిలో దూకడం తేలిక. సిలిండర్లో ఒత్తిడి మధ్య దూకాలంటే బలం కావాలి. అందుకే టెస్టరు గ్యాప్ పెంచి చూడాలి. పాయింట్లు (కరెంటును కలిపి తెంచే చిన్న లోహపు ముక్కలు) ఉన్న పాత మాగ్నెటో మోటార్లలో దాదాపు 6 మి.మీ., సీడీఐ ఉన్నవాటిలో దాదాపు 11 మి.మీ. దూకాలి. సీడీఐ మోటారులో ఏ ప్లగ్ వైరునూ ఎర్త్ లేకుండా వదిలి తిప్పకండి, యూనిట్ కాలిపోవచ్చు.

ఏ సిలిండరుకూ కరెంటు లేకపోతే ముందు కిల్ స్విచ్ తాడు క్లిప్పు సరిగ్గా ఉందా చూడండి. తర్వాత స్టాప్ స్విచ్ వైరును పవర్ హెడ్ (మోటారు పైనున్న ఇంజిన్ భాగం) దగ్గర విడదీసి మళ్లీ పరీక్షించండి. కరెంటు వచ్చేస్తే స్విచ్చో, ఉప్పు తిన్న వైరో తప్పు, సీడీఐ బతికే ఉంది. ఆ వైరు విడదీసి ఉన్నంతసేపు స్విచ్ నొక్కినా మోటారు ఆగదని గుర్తుంచుకోండి, చోక్ మూసి ఆపాల్సి ఉంటుంది.

ఒక్క సిలిండరుకే లేకపోతే కాయిల్, ప్లగ్ క్యాప్, వైరు చూడండి. రెండు కాయిళ్లు ఒకేరకం అయితే అటుదిటు మార్చి పెట్టండి. జబ్బు కాయిల్‌తో పాటు పక్క సిలిండరుకు వెళ్తే దోషి దొరికినట్టే. పాయింట్ల మోటార్లలో ఉప్పు గాలికి పాయింట్ల మీద పొర పడుతుంది. నున్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, మామూలు కాగితం మధ్యలో పెట్టి లాగి శుభ్రం చేయండి. పాత చిన్న జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, అంటే సుమారు 0.5 మి.మీ.

కరెంటూ కంప్రెషనూ రెండూ బాగుండి, తాడు లాగితే చేతిని వెనక్కి గుంజుతుంటే ఫ్లైవీల్ కింది కీ కొంచెం తెగిందేమో చూడండి. కీ జరిగితే టైమింగ్ మారిపోతుంది.

5. పెట్రోల్ దారి: ట్యాంకు నుంచి పంపు దాకా

2వ మెట్టులో వేరే ట్యాంకుతో బాగుపడినవాళ్లకు ఇదే అసలు మెట్టు.

ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందా? మూసి ఉంటే మోటారు కొంతసేపు చక్కగా నడిచి, లోపల గాలి పలచబడ్డాక ఆగిపోతుంది. మూత వదులు చేయగానే "స్స్" అని చప్పుడు వస్తే కారణం అదే.

బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. బాణం పైకి ఉండేలా పట్టుకుని నొక్కండి. కొన్ని నొక్కులకే గట్టిపడి అలాగే ఉండాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే లోపలి వాల్వు పోయింది, లేదా ఎక్కడో గాలి లాగుతోంది. నడుస్తుండగా బల్బు చప్పిడిపోయి అతుక్కుంటే ట్యాంకు వైపు అడ్డు ఉంది: గాలి మర, ట్యాంకులోని జాలీ, లేదా లోపలి పొర ఊడి మూసుకుపోయిన హోస్. హోస్ బయటికి కొత్తగా కనిపిస్తూ లోపల ఊడిపోవడం ఇథనాల్ వచ్చాక ఎక్కువగా చూస్తున్నాను. అనుమానం ఉంటే కోసి చూడండి. కనెక్టర్లలోని చిన్న రబ్బరు రింగులు మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు, మార్చేయండి.

నీళ్ల మీద ఫుల్లో మోటారు చచ్చిపోతున్నప్పుడు పక్కనున్న మనిషిని బల్బు నొక్కమనండి. నొక్కుతుంటే మోటారు పుంజుకుంటే పెట్రోల్ అందట్లేదని ఖాయం. ట్యాంకు వైపు అంతా బాగుందని తేలితే ఫ్యూయల్ పంపు విప్పి డయాఫ్రమ్ (లోపలి సన్న పొర) చూడండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సన్న చిరుగు కూడా తెలుస్తుంది. చిరిగిన డయాఫ్రమ్ గుండా పెట్రోల్ నేరుగా క్రాంక్ కేసులోకి పోతుంది. పంపు తగిలించిన సిలిండరు ప్లగ్గు ఒక్కటే తడిగా ఉంటే ఇది గుర్తుకు రావాలి.

6. కార్బురేటర్

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆంధ్ర వైపు మోటారు పడవలకూ అది వర్తిస్తుంది. ఆ రెండు నెలలు కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్ ఆవిరై జిగురు పొర కడుతుంది. జూన్ మధ్యలో తీసిన మోటారు దగ్గిందంటే జెట్లు మూసుకుని ఉండే అవకాశం ఎక్కువ.

విప్పే ముందు ప్రతి కోణంలో ఫోటో తీయండి. స్లోలో పెట్రోల్ కొలత సర్దే స్లో స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనుకుందో రాసుకుని, అప్పుడు పూర్తిగా తీయండి. బిగించి తిప్పితే సూది కొన పాడవుతుంది.

గిన్నె విప్పాక మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు బయటికి తీసి క్లీనర్ కొట్టి, వెలుతురుకు చూడండి. రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా కనిపించాలి. సూదులు, ఇనుప తీగలు దూర్చకండి. జెట్టు మెత్తటి ఇత్తడి, ఒక్క గీత పడినా కొలత మారిపోతుంది. వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు, లేకపోతే నైలాన్ పోగు చాలు. జెట్లు మాత్రమే కడిగి బాడీలోని సన్న దారులు వదిలేయడం వల్లే "కడిగించినా అలాగే ఉంది" అనే మాట వస్తుంది. క్లీనర్ గొట్టం ప్రతి దారిలో పెట్టి కొట్టి, అవతలి చివర సన్న ధారగా వస్తోందా చూడండి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు తీసేశాకే క్లీనర్ వాడండి. రెండు మూడు కార్బురేటర్లు ఉంటే ఒకదాని జెట్లు ఇంకొకదానిలో కలవనీయకండి.

కార్బురేటర్‌ను తలకిందులుగా పట్టుకున్నప్పుడు గిన్నెలో తేలే ఫ్లోట్ చాలా మోటార్లలో బాడీకి సమానంగా నిలవాలి. గిన్నె గ్యాస్కెట్ కొత్తది వేయండి. బిగించాక స్లో స్క్రూ మీరు రాసుకున్న చోటికే తేండి. ఆ లెక్క లేకపోతే ఒకటిన్నర చుట్టు తెరిచి మొదలుపెట్టండి.

కార్బురేటర్ సరిగ్గా ఉన్నా స్లో నిలవకపోతే, అది బిగించిన అంచు చుట్టూ డబ్ల్యూడీ-40 స్ప్రే కొంచెం కొట్టండి. చప్పుడు మారితే అక్కడ గాలి లాగుతోంది. ఇది చల్లటి మోటారు స్టార్ట్ చేసిన వెంటనే చేయండి, వేడి భాగాల మీద కొట్టకండి.

కిరోసిన్ మీద నడిచే రకం ఉన్నవాళ్లు ఆపే ముందు కొంతసేపు పెట్రోల్ మీద నడపండి. గిన్నెలో కిరోసిన్ మిగిలితే మర్నాడు స్టార్ట్ కాదు.

7. స్లో స్క్రూ సర్దడం

మోటారు బాగా వేడెక్కాక, పడవ నీళ్లలో గేరులో ఉండగా చేయాలి. న్యూట్రల్‌లో సర్దింది గేరు వేయగానే తప్పుతుంది. స్క్రూను ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి కాసేపు ఆగండి. లోపలికి తిప్పుతూ పోతే ఒకచోట మోటారు తుమ్ముతుంది, అది పెట్రోల్ తక్కువ. బయటికి తిప్పుతూ పోతే ఒకచోట బరువుగా దొర్లుతుంది, అది ఎక్కువ. రెండింటి మధ్య, కొంచెం పెట్రోల్ ఎక్కువ వైపే ఆపండి. పలచగా నడిచే టూ స్ట్రోక్ చప్పుడుకు హుషారుగా ఉంటుంది, పిస్టన్‌కు ఆయిల్ కూడా అంతే తక్కువ అందుతుంది.

8. నీళ్లు, ప్రొపెల్లర్

మోటారును చల్లబరిచి వెనక నుంచి వచ్చే నీటి ధార బలంగా, తెగకుండా ఉండాలి. పులికాట్ లోతు తక్కువ, ఇసుకా బురదా ఎప్పుడూ పంపులోకి వస్తుంటాయి. అక్కడ తిరిగే మోటార్లకు ఇంపెల్లర్ ఏడాదికోసారి మార్చడం మంచిది. ధార సన్నబడితే ముందు ఆ రంధ్రంలో నైలాన్ తీగ పెట్టి ఉప్పు పెచ్చు తీయండి. అప్పటికీ రాకపోతే పంపు విప్పండి. పాత ఇంపెల్లర్ రెక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో వెతికి తీయాలి. పైకి పోయి గొట్టంలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా మోటారు వేడెక్కుతూనే ఉంటుంది.

ప్రొపెల్లర్ లోపలి రబ్బరు జారుతోందో లేదో తెలుసుకోవడానికి లోపలి హబ్బు నుంచి బయటి భాగం దాకా పెయింటుతో ఒక గీత గీయండి. ఫుల్ స్పీడులో ఓసారి తిరిగి వచ్చి చూడండి. గీత రెండుగా విడిపోతే రబ్బరు పోయింది. ప్రొపెల్లర్ తీసినప్పుడు షాఫ్టుకు వల దారం చుట్టుకుందేమో చూడండి, అది సీలును కోస్తుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్లు చేరినట్టే. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి ఎక్కించండి, పై రంధ్రంలోంచి వచ్చేదాకా.

బాగుపడిందని ఎలా తెలుస్తుంది

డ్రమ్ములో బాగా ఆడటం సాక్ష్యం కాదు, అక్కడ బరువు లేదు. ఇద్దరు, లైఫ్ జాకెట్లు, కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకుని, తెడ్లు వెంట పెట్టుకుని ఒడ్డుకు దగ్గరగా నడపండి. పది నిమిషాలు మధ్య స్పీడులో వేడెక్కించి, రెండు మూడు నిమిషాలు ఫుల్లో నడిపి, ఫుల్లోనే స్విచ్ ఆఫ్ చేయండి. స్లోకు తెచ్చి ఆపితే ప్లగ్గుల రంగు స్లోది చూపిస్తుంది. చుట్టూ వేరే పడవలు లేనిచోట, కూర్చుని గట్టిగా పట్టుకుని చేయండి. ఇప్పుడు ప్లగ్గులు తీస్తే అన్నీ ఒకే లేత గోధుమ రంగులో ఉండాలి. టాకోమీటరు ఉంటే ఫుల్లో మీ మోటారు పుస్తకంలో చెప్పిన ఆర్‌పీఎం పరిధిలోకి రావాలి.

ఒకసారికి ఒక్కటే మార్చి, నడిపి చూసి, రాసుకోండి. ప్లగ్గులు, జెట్టు, కాయిల్ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వెళ్లాలి.

ఇన్ని చూసినా తేలకపోతే రీడ్ వాల్వులు, క్రాంక్ సీళ్లు మిగులుతాయి. వాటికి పవర్ హెడ్ విప్పాలి, ఆ పని అనుభవం ఉన్న మెకానిక్కుకే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక్కో సిలిండరు కంప్రెషన్ అంకె, ఏ ప్లగ్గు ఏ రంగు, స్పార్క్ ఎంత గ్యాప్ దూకింది, బల్బు నొక్కితే ఏమైంది అన్నవి రాసిన కాగితం చేతికివ్వండి. నన్ను అడిగేవాళ్లు కూడా ఈ నాలుగూ, మోటారు మోడల్ నంబరుతో కలిపి రాయండి.